బల్బు ఎందుకు వెలగలేదు?
(హైస్కూలు పిల్లలకు విద్యుత్తు, అయస్కాంతత్వం చెప్పడం గురించి కొన్ని మాటలు)

మన సంఘం ఆదివారాలు నడిపే పదో తరగతి ఉచిత క్లాసుల్లో భౌతికశాస్త్రం చెప్పే పని నాకు అప్పగించారు. రిటైరైన మాస్టారుకి అంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది, సంతోషంగా ఒప్పుకున్నాను. మొదటి రోజు పిల్లలు ఓమ్ నియమం లెక్కలు గబగబా చేసేశారు. మూడు నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంతో ఒకమ్మాయి కాగితం ముట్టకుండా చెప్పేసింది. నాకు ముచ్చటేసింది. అప్పుడు సంచిలోంచి ఒక టార్చి సెల్లు, ఒక చిన్న టార్చి బల్బు, జానెడు రాగి తీగ తీసి బల్ల మీద పెట్టాను. "దీన్ని వెలిగించండి చూద్దాం" అన్నాను.

పావుగంట గడిచింది. ఒకరు బల్బును సెల్లు నెత్తిన పెట్టి ఊరుకున్నారు. ఇంకొకరు తీగ ఒక కొస సెల్లుకూ, రెండో కొస బల్బు అడుక్కీ ఆనించి ఎదురుచూశారు. "ఎలగనేదండి మాస్టారూ, సెల్లు అయిపోయినట్టుంది" అన్నాడు ఒక అబ్బాయి. సెల్లు ఆ ఉదయమే కొన్నది.

ఇది మన పిల్లల లోపమని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో 1997లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో, ఎంఐటీ అనే పేరుమోసిన విద్యాసంస్థ నుంచి డిగ్రీ పుచ్చుకుని అప్పుడే బయటికొస్తున్న వాళ్ల చేతికి ఇవే మూడు వస్తువులు ఇచ్చారు. వాళ్లలోనూ తడబడినవారున్నారు. కాబట్టి లోపం తెలివితేటల్లో లేదు. పాఠం కాగితం మీద మొదలై కాగితం మీదే ముగిసిపోవడంలో ఉంది.

బల్బుకు రెండు చోట్ల కరెంటు తగలాలి. అడుగున ఉన్న బొడిపె ఒకటి, పక్కన ఉన్న మరల లోహం ఇంకొకటి. లోపలి సన్నని తీగకు ఒక కొస బొడిపెకూ, రెండోది పక్క లోహానికీ అతికి ఉంటుంది. పుస్తకంలో బల్బును సున్నాలో ఇంటూ గుర్తుగా గీస్తారు గనుక ఈ సంగతి ఎవరూ చూడరు. బొడిపెను సెల్లు నెత్తిన ఆనించి, పక్క లోహం నుంచి తీగను సెల్లు అడుక్కి తెస్తే చాలు, వెలుగుతుంది. వలయం అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసినంతగా నిర్వచనం బట్టీపడితే తెలియదు.

వెళ్లిన కరెంటు తిరిగొస్తుందా?

బల్బు వెలిగాక అసలు ప్రశ్న వేశాను. బల్బులోకి వెళ్లే కరెంటు ఎక్కువా, బయటికి వచ్చేది ఎక్కువా? దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: వెళ్లేదే ఎక్కువ, కొంత బల్బు వాడేసుకుంటుంది కదా! ఇంట్లో కూడా మనం "ఈ ఏసీ కరెంటు బాగా తినేస్తోంది" అంటాం. ఆ మాటే పిల్లల బుర్రలో పాతుకుపోయింది. లెక్కలు ఎన్ని చేయించినా ఇది పోదు, ఎందుకంటే ఈ తప్పు పెట్టుకుని కూడా లెక్కలు సరిగ్గా చేయవచ్చు.

దీనికి మందు ఒక్కటే, అమ్మీటరు. బల్బుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పెట్టి చూపించాలి. రెండు చోట్లా ఒకే అంకె. నేను ముందు చెప్పకుండా, ఎంత వస్తుందో ఎవరికి వారిని కాగితం మీద రాయమన్నాను. తాను రాసిందీ మీటరు చూపిందీ వేరైనప్పుడే పిల్లవాడు ఆలోచనలో పడతాడు.

నీళ్ల కాలువ పోలిక ఇక్కడ పనికిరాదని నా అనుభవం. కాలువ నీళ్లు పొలంలో ఇంకిపోతాయి, తిరిగి రావు. అందుకే నేను సైకిల్ చైను పోలిక చెబుతాను. పెడల్ దగ్గర మన కాలు తొక్కుతుంది, అది సెల్లు. వెనక చక్రం తిరుగుతుంది, అది బల్బు. శక్తి పెడల్ నుంచి చక్రానికి చేరుతుంది. మరి చైను తరిగిపోతోందా? ముందుకు వెళ్లిన లింకులన్నీ వెనక్కి వస్తూనే ఉంటాయి. ఒక్క లింకు తెగితే చైనంతా ఆగిపోతుంది. స్విచ్ చేసేది ఆ పనే.

ఈ పోలికతో ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే, అందులో ఎలక్ట్రాన్లు సగటున ఒక మీటరు జరగడానికి మూడున్నర గంటలకు పైనే పడుతుంది. చీమకన్నా చాలా నెమ్మది. మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతోంది? పెడల్ తొక్కగానే ఆ దగ్గరున్న లింకు చక్రం దాకా వెళ్లేవరకూ చక్రం ఆగుతుందా? చైనంతా ఒకేసారి కదులుతుంది. తీగలోనూ అంతే.

ఓల్టేజీ, కరెంటు రెండూ ఒకటేననుకోవడం పిల్లల్లో కనిపించే ఇంకో పెద్ద పొరపాటు. దీనికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. జోలాపుట్ జలాశయంలో నిలవ చేసిన నీటిని డుడుమ దగ్గర మళ్లించి, కొండ మీది నుంచి లోయలోకి దించి టర్బైన్లు తిప్పుతారు. అక్కడ శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది: నీరు ఎంత ఎత్తు నుంచి దిగుతోంది, ఎంత నీరు దిగుతోంది. ఎత్తు తేడా ఓల్టేజీ లాంటిది, పారే నీటి పరిమాణం కరెంటు లాంటిది. రెండింటినీ గుణిస్తేనే సామర్థ్యం. కొండ మీద మడుగులో నిలిచిన నీటికి ఎత్తు ఉంది, ప్రవాహం లేదు. బల్బు తగిలించని సెల్లూ అంతే.

మాచ్‌ఖండ్ కరెంటు వచ్చిన ఆ దశాబ్దంలోనే గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వెలిసింది. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల భూమిలో ఉన్న మాంగనీసు ఖనిజాన్ని కరిగించే కొలిమికి కావలసిన వేడి కరెంటుతోనే పుడుతుంది. లావుపాటి కార్బన్ కడ్డీల గుండా ఖనిజంలోకి భారీగా కరెంటు పంపిస్తారు. నిరోధం గల పదార్థంలో కరెంటు పోతే వేడి పుడుతుందనే జౌల్ నియమమే అక్కడా పని చేసేది. మన ఇస్త్రీ పెట్టెలోనూ, ఆ కొలిమిలోనూ సూత్రం ఒక్కటే. ఇక టార్చి సెల్లులో ఉండే నల్లటి పొడి కూడా మాంగనీసు సమ్మేళనమే, మాంగనీసు డయాక్సైడ్. లారీల్లో పోతున్న నల్ల రాయినీ, తమ చేతిలోని సెల్లునూ పిల్లలు ఎప్పుడూ కలిపి చూసి ఉండరు. అయిపోయిన మామూలు జింక్ కార్బన్ సెల్లును మాస్టారు స్వయంగా, చేతికి తొడుగు వేసుకుని కోసి చూపించవచ్చు. ఆల్కలైన్ సెల్లును మాత్రం ఎవరూ విప్పకూడదు, లోపల ఘాటైన క్షారం ఉంటుంది.

ఖిబ్లా చూపే ముల్లు

అయస్కాంతం పాఠానికి నేను స్కూలు దిక్సూచి కోసం వెతకలేదు. మనలో చాలామంది ఇళ్లలో ఖిబ్లా చూపే దిక్సూచి ఉంటుంది, తెమ్మన్నాను. నాలుగు వచ్చాయి. "ముల్లు ఎటు చూపిస్తోంది?" అంటే సగంమంది "కాబా వైపు" అన్నారు. కాదు. ముల్లు చూపేది ఉత్తర దిక్కునే. పక్కన ముద్రించిన ఊళ్ల పట్టికను బట్టి, ఆ ఉత్తరం నుంచి ఎంత కోణం తిప్పాలో మనం లెక్కవేసుకోవాలి. శ్రీకాకుళం నుంచి మక్కా దిశ సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 12 డిగ్రీలు. ఇద్దరు పిల్లలు కోణమానినితో కొలిచి, మసీదు గోడ దిశతో సరిపోల్చి వచ్చారు. ఆ ఆదివారం హాజరు ఎప్పటికన్నా ఎక్కువ.

నీటి మీద తేలే సూది దిక్కు చూపించడం చైనావారికి ముందే తెలుసు. అరబ్బు ప్రపంచంలో బైలక్ అల్ ఖిబ్జాఖీ అనే ఆయన 1242లో సిరియా తీరం నుంచి అలెగ్జాండ్రియా వెళ్లే ఓడలో నావికులు ఇలాంటి సూదిని వాడడం చూసి, 1282లో తన పుస్తకంలో రాశాడు. ఇది మేమూ చేశాం. కుట్టుసూదిని అయస్కాంతంతో ఒకే వైపుకు ముప్పై నలభై సార్లు రుద్ది, చిన్న థర్మోకోల్ ముక్కకు గుచ్చి, ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లమీద వదిలితే చాలు. గిన్నె స్టీలుదైతే కొన్నిసార్లు ఫలితం చెడుతుంది. ఎందుకు చెడిందో పిల్లల చేతే చెప్పించాలి.

పుస్తకంలో లేని ఇంకో ముచ్చట. ముల్లు మధ్యలో దారం కట్టి గాలిలో వేలాడదీస్తే మన దగ్గర దాని ఉత్తరపు కొస నేలవైపు 20 డిగ్రీలకు పైగా వంగుతుంది. కింద భూమి అయస్కాంత క్షేత్రరేఖలు అలా ఏటవాలుగా ఉన్నాయన్నమాట. దక్షిణాన తిరువనంతపురం దాకా వెళితే ఆ వంపు దాదాపు పోతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ అక్కడికి దగ్గర కావడం వల్లే తుంబాను రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నారు.

ఇక 1820లో ఆయిర్‌స్టెడ్ చేసిన ప్రయోగం. దిక్సూచి పైన, ముల్లుకు సమాంతరంగా తీగ పట్టుకుని సెల్లుకు రెండు క్షణాలు కలపాలి. ముల్లు పక్కకు తిరుగుతుంది. సెల్లును తిరగేస్తే ముల్లు అవతలి వైపు తిరుగుతుంది. తీగను ముల్లుకు అడ్డంగా పెడితే ఏమీ కనిపించకపోవచ్చు. సగం క్లాసుల్లో ప్రయోగం విఫలమయ్యేది అక్కడే. తీగ ఉత్తర దక్షిణాలుగా ఉండాలన్న మాట మాస్టారు మరిచిపోతారు.

సగం గీకిన తీగ

మా క్లాసుకు వచ్చేవాళ్లలో ఒక అబ్బాయి తొమ్మిదిలోనే బడి మానేసి మోటారు వైండింగ్ షాపులో చేరాడు. వాళ్ల అబ్బాజాన్ అక్కడే పని చేస్తాడు. సంఘం పెద్దలు నచ్చజెప్పాక ప్రైవేటుగా పది రాయడానికి ఒప్పుకున్నాడు. క్లాసులో వెనక బల్ల మీద నోరు విప్పకుండా కూర్చునేవాడు. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన చెబుతుంటే మిగతావాళ్లు వేళ్లు చాపి చూపిస్తున్నారు, వీడు తల దించుకున్నాడు.

ఆ రోజు అందరి చేతా చిన్న మోటారు చేయించాను. ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఎనామిల్ పూత ఉన్న రాగి తీగతో పది పన్నెండు చుట్ల చుట్ట, పాత స్పీకరు లోంచి తీసిన అయస్కాంతం. చుట్ట రెండు కొసలూ పిన్నీసుల కన్నాల్లో ఆనాలి. ఆనేచోట పూత గీకాలి. అందరూ రెండు కొసలూ గుండ్రంగా శుభ్రంగా గీకేశారు. చుట్ట ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి ఆగిపోయింది. ఒక్కటీ తిరగలేదు.

వెనక బల్ల అబ్బాయి లేచి వచ్చాడు. "మాస్టారూ, సగమే గీకాలండి. అర చుట్టు కరెంటు ఉండాలి, అర చుట్టు ఉండకూడదు" అన్నాడు. బ్లేడు తీసుకుని, ఒక కొసకు సగం మాత్రం గీకాడు. రెండో కొస పూర్తిగా గీకాడు. వేలితో చిన్నగా తోశాడు. అది ఝుమ్మని తిరిగింది.

ఎందుకలా అంటే, చుట్టలో కరెంటు ఒకే దిశలో పోతూ ఉంటే, మొదటి అర చుట్టులో అయస్కాంతం దాన్ని ముందుకు తోస్తుంది. తరువాతి అర చుట్టులో అదే బలం వెనక్కి లాగుతుంది. అందుకే ఊగి ఆగిపోతుంది. సగం పూత ఉంచితే, వెనక్కి లాగే సమయానికి కరెంటు ఉండదు. చుట్ట తన ఊపుతోనే ఆ అర్ధభాగం దాటేసి మళ్లీ తోపు అందుకుంటుంది. పుస్తకంలో కమ్యుటేటరు అని బొమ్మ వేసిన విభక్త వలయం ఇంకాస్త తెలివైనది. అది ఆ అర చుట్టులో కరెంటును ఆపకుండా దిశ మార్చేస్తుంది.

ఆ అబ్బాయికి చేతికి తెలుసు, పేరు తెలియదు. నోటి లెక్కలు చేసిన అమ్మాయికి పేరు తెలుసు, చేతికి తెలియదు. వాళ్లిద్దర్నీ ఒకే జట్టులో వేశాను. నెల తిరక్కుండా వాడు ఫ్లెమింగ్ నిబంధన చెప్పగలిగాడు. ఆ అమ్మాయి వాడి దగ్గర మల్టీమీటరుతో ఫ్యాన్ చుట్ట నిరోధం చూడడం నేర్చుకుంది. ఫారడే అంతటివాడు కమ్మరి కొడుకు, పుస్తకాలకు అట్టలు కట్టే షాపులో పనివాడుగా చేరినవాడు అని ఆ రోజే చెప్పాను. వెనక బల్ల వాళ్లకు అది వినబడాలి.

ఫారడే 1831లో ఒక ఇనుప కడియానికి రెండు వేర్వేరు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానిలో కరెంటు పెట్టినప్పుడూ, తీసేసినప్పుడూ రెండోదానిలో క్షణకాలం కరెంటు పుట్టింది. నిలకడగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. అయస్కాంత అభివాహం మారుతుంటేనే ప్రేరిత విద్యుత్తు పుడుతుందన్న మాటకు పాత సైకిల్ డైనమో సాక్ష్యం, సైకిల్ ఆగితే లైటూ ఆగుతుంది. ఏసీ మెకానిక్కుల దగ్గర మూరెడు రాగి గొట్టం ముక్క దొరికితే ఇంకా మంచిది. దాన్ని నిలువుగా పట్టుకుని గట్టి అయస్కాంతపు బిళ్ల జారవిడవండి. ప్లాస్టిక్ గొట్టంలో టపీమని పడేది, రాగిలో తాపీగా దిగుతుంది. రాగి అయస్కాంతానికి అతుక్కోదు కదా, మరెవరు పట్టుకున్నారు? పడుతున్న అయస్కాంతమే గొట్టంలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు పుట్టించిన క్షేత్రం అయస్కాంతాన్ని అడ్డుకుంటుంది. లెంజ్ నియమానికి ఇంతకుమించిన వ్యాఖ్యానం నా దగ్గర లేదు.

పరీక్షకు రాని లెక్క

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానం ఊళ్లలో స్తంభాలు ఎలా ఒరిగాయో, తీగలు ఎలా నేలపాలయ్యాయో మనవాళ్లు మరిచిపోలేదు. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ చూశాం. ఇలాంటి జిల్లాల్లో ఓమ్ నియమం లెక్క ఇలా ఉండాలి: తడి చేతి మనిషి శరీర నిరోధం 1000 ఓములు అనుకుంటే, 230 ఓల్టుల తీగ తగిలితే ఎంత కరెంటు పోతుంది? 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఒక 60 వాట్ల బల్బు తీసుకునే దానికన్నా తక్కువే. కానీ 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చెయ్యి బిగుసుకుపోయి తీగ వదలలేం. 30 దాటితే ప్రాణభయం.

ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అంటారు పిల్లలు. అది 6 లేదా 16 ఆంపియర్లు దాటితే పడిపోయే స్విచ్. తీగలు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అది పని చేసే తీరు చెబితే ఏడాది పాఠమంతా ఒక్క చోటికి వస్తుంది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ ఒకే ఇనుప కడియం గుండా పోతాయి. వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానమైనంత వరకు వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బల్బు కరెంటును తినేయదని అమ్మీటరుతో చూశాం కదా, ఆ సంగతి మీదే ఇది నిలబడింది. కొంత కరెంటు ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోయిందంటే తిరిగొచ్చేది తగ్గుతుంది. తేడాకు కడియంలో అభివాహం పుడుతుంది, కడియం మీది మూడో చుట్టలో ఫారడే చెప్పినట్టు కరెంటు పుడుతుంది, స్విచ్ పడిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే, రెప్పపాటులో. అయితే ఒక చేత్తో ఫేజునూ, ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదు. వెళ్లిందీ వచ్చిందీ సమానమే కనుక దానికి తేడా తెలియదు. ఇది కూడా పిల్లలకు చెప్పి తీరాలి.

ఈ పాఠం అయిన వారంలోనే ఒక అబ్బాయి వచ్చి, తమ పేట మసీదులో వజూ చేసే చోట కుళాయి ముట్టుకుంటే అప్పుడప్పుడు చిమచిమలాడుతోందని చెప్పాడు. కొన్నాళ్లుగా అందరికీ తెలుసట, మోటారు ఆగాక వజూ చేసుకుంటున్నారట. నేను ముతవల్లీ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన వెంటనే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. పిల్లలు దూరంగా నిలబడి చూశారు. మోటారు బాడీకి ఎర్త్ తీగ అసలు కలపలేదు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పొడవు పిన్ను ఖాళీగా ఉంది. చుట్టలో పూత ఎక్కడో దెబ్బతిని కరెంటు బాడీకీ, అక్కడి నుంచి ఇనుప గొట్టానికీ, తడి కుళాయికీ చేరుతోంది. వైండింగ్ షాపు అబ్బాయి చుట్ట మార్చిపెట్టాడు. ఎలక్ట్రీషియన్ ఎర్త్ గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి, కొత్త తీగ కలిపాడు. బోర్డులో ఆర్‌సీసీబీ కూడా బిగించాడు.

దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి, స్విచ్ పడుతోందో లేదో చూడాలి. ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నాలుగు రోజులకోసారి బిందెడు నీళ్లు పోయాలి. ఈ రెండు పనులూ ముతవల్లీ గారు మా పదో తరగతి పిల్లలకే అప్పగించారు. బోర్డు పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీసి తేదీలు రాస్తున్నారు.